డ్రైవరమ్మ కనురెప్పలు

"బస్సాపండి! డ్రైవరు నిద్రపోతోంది!"

ముందు సీటులోంచి వచ్చిన కేకకు బస్సంతా ఉలిక్కిపడింది. డ్రైవరమ్మ బ్రేకు తొక్కి పక్కకు ఆపింది. ఆమె నిద్రపోవడం లేదు. గడ్డం పైకెత్తి, నొసలు బిగబట్టి, రెప్పల కింది సందులోంచి రోడ్డు చూస్తోంది. రోజూ ఎడమ రెప్పను ప్లాస్టరు ముక్కతో పైకి అంటించుకుని వచ్చేది. ఆ రోజు చెమటకు అది ఊడిపోయింది.

కండక్టరు విరుచుకుపడ్డాడు. "నోటికొచ్చినట్టు మాట్లాడకండి! మా అక్క చేతిలో ఈ బస్సుకి గీత కూడా పడలేదు."

జనమంతా దిగిపోయాక మాత్రం మెల్లగా దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఇందాక సందులోంచి సైకిలు మీదొచ్చాడే, అతన్ని చూశావా?"

"ఏ సైకిలు?"

అడిగాక గానీ, తను అతన్ని చూడనేలేదని ఆమెకు అర్థం కాలేదు. డిపోకి వెళ్లి, ఎవరూ అడగకముందే తాళంచెవి మేనేజరు బల్ల మీద పెట్టేసింది.

మర్నాడు చెల్లెలు ఆమెను కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"సాయంత్రానికి ఇంకా వాలిపోతాయా? ఒకటి రెండుగా కనిపిస్తుందా? మింగడం కష్టమా?"

"అంటే... మెదడులో ఏమైనా ఉందా?" అంది చెల్లెలు.

"కాదని తేల్చుకోవడానికే అడుగుతున్నానమ్మా."

డాక్టరమ్మ టార్చి వేసి కనుపాపలు చూసింది. చల్లదనానికి లేస్తే అది కండరాల జబ్బని, రెప్ప మీద కాసేపు ఐసు పెట్టి చూసింది. లేవలేదు. రక్తపరీక్షకు రాసింది. ఫలితం వచ్చేదాకా అక్కాచెల్లెళ్లకు అన్నం సహించలేదు.

"భయం లేదు," అంది డాక్టరమ్మ చివరికి. "రెప్పను లేపే కండరం బాగానే ఉంది. దాన్ని రెప్పకు పట్టి ఉంచే పొర సాగి జారిపోయింది. వయసుతో వస్తుంది. కళ్లు బాగా నలుపుతారా?"

"దుమ్ములో బతుకు డాక్టరుగారూ, నలపకుండా ఎలా?"

"అదీ తోడైంది. చుక్కల మందుతో నయమయ్యేది కాదు, బిగించి కుట్టాలి. రెప్పకే మత్తు. మీరు మెలకువగా ఉండి కళ్లు తెరిచి చూపిస్తేనే ఎంత బిగించాలో తెలుస్తుంది."

ఆపరేషను బల్ల మీద నొప్పి తెలియలేదు గానీ, దారం లాగడం తెలుస్తూనే ఉంది. రెండు రెప్పలూ అయ్యాక ఆమెను లేపి కూర్చోబెట్టారు.

"ఎదురుగా చూడండి."

చూసింది. డాక్టరమ్మ వంగి రెండు కళ్లూ పోల్చి చూసి, మళ్లీ కత్తెర అందుకుంది.

"ఏమైందండీ?"

"ఎడమది ఎక్కువ లేచింది. ఇలా వదిలేస్తే కన్ను మూతపడక ఎండిపోతుంది. కుట్టు విప్పి మళ్లీ వేస్తాను. కదలకండి."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. వేళ్లు తిమ్మిరెక్కినా వదల్లేదు. మళ్లీ కూర్చోబెట్టారు.

"ఇప్పుడు బాగుంది," అన్న మాట విన్నాకే అంచు వదిలింది.

వాచి నల్లబడిన కళ్లు చూసి చెల్లెలు, "ఎవరితో కొట్లాడొచ్చావే అక్కా!" అని నవ్వబోయి ఏడ్చేసింది. కొన్నాళ్లు నిద్రలో రెప్పలు పూర్తిగా కలవలేదు. ఆయింట్‌మెంటు రాస్తూ, కన్ను పోతుందేమోనని అక్క బిక్కుబిక్కుమంటుంటే, చెల్లెలు పక్కనే పడుకునేది. వాపు తగ్గాక రెప్పలు కలిశాయి. ఎడమది మాత్రం వెంట్రుకవాసి కిందే ఉండిపోయింది.

"కావాలంటే సరిచేస్తాను," అంది డాక్టరమ్మ.

"వద్దు తల్లీ. రోడ్డు కనిపిస్తే చాలు."

డ్రైవరమ్మ చూపు పరీక్ష నెగ్గి, తన నడపడం చూడ్డానికొచ్చిన డిపో ఇన్‌స్పెక్టరును పక్కన కూర్చోబెట్టుకుని బస్సు తీసింది. మొదటి కూడలిలో ఎత్తున వెలిగిన ఎర్రదీపం, మెడ ఎత్తకుండానే కనిపించింది. ఆపింది. ఆకుపచ్చ వెలగగానే గేరు మార్చింది.