ఎల్లారెడ్డి బస్సులో మిరప తొక్కు

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాను. పక్క సీటులోని అవ్వ డబ్బా తీసి, జొన్నరొట్టె ముక్క మీద ఎర్రటి మిరప తొక్కు పెట్టి నాకూ ఇచ్చింది.

"కారముంటది బిడ్డా, సూస్కో" అంది.

మాది గుంటూరని గొప్పగా చెప్పి నోట్లో వేసుకున్నాను. చెవుల్లోంచి సెగలొచ్చాయి. కళ్ల నీళ్లతో చూస్తే, అవ్వ కూడా ముక్కు తుడుచుకుంటూనే తింటోంది.

"ఇంత బాధపడుతూ ఎందుకు తినడం, అవ్వా?"

"తినేటప్పుడు కాదు బిడ్డా, మంట దిగేటప్పుడు సూడు. పానం ఎంత నిమ్మళమైతదో."

నేను నమ్మలేదు. కిటికీ గాలికి నోరు తెరుచుకుని కూర్చున్నాను. కాసేపటికి మంట దిగింది. ఒళ్లంతా తేలికై, ఎందుకో నవ్వొచ్చింది. సిగ్గు విడిచి మళ్లీ చెయ్యి చాపాను.

అవ్వ డబ్బాను కొంగు చాటుకు లాక్కుంది.

"ఎల్లారెడ్డి ఇంక దూరమున్నది. నాకొద్దా?"