గుంత మూత మీద కూర్చున్న స్తుతి

మా స్తుతి చదివే చదువు పేరు వినగానే నవ్వనివాళ్లు మా కాలనీలో లేరు. పేద దేశాలకు పనికొచ్చే మంచినీటి, పారిశుద్ధ్య ఇంజినీరింగ్, అదీ దూరవిద్యలో. "పాయఖానాలకు గూడ డిగ్రీ ఉంటదా?" అని మొహం మీదే అడిగేవాళ్లు. పొద్దున్నే ఆ గదిలోకి వెళ్లకుండా వీళ్లకు తెల్లారుతుందా అని నాకు ఒళ్లు మండేది.

నేను గులాబ్ బీని. పాల్వంచలో వాళ్ల పక్కింట్లో ఉంటాను, బట్టలు కుడతాను. స్తుతి కంపెనీ కాలనీ ట్యాంకు దగ్గర నీళ్లు పరీక్ష చేస్తుంది, డ్యూటీ దిగి వచ్చి ఫోన్లో పాఠాలు వింటుంది. సరదాకు కాదు. ఆమె బడికి పోయే రోజుల్లో తండ్రి ఎవరింటిదో సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి, ఆ విషపు గాలికి అందులోనే పోయాడు. తల్లి విశ్రాంతమ్మ ఆ తరువాత ఆ మాటే ఎత్తలేదు.

చదువులో భాగంగా స్తుతి ఇల్లందు అవతల ఒక తండాలో కొన్నేళ్ల కింద కట్టిన మరుగుదొడ్లు చూసి వచ్చింది. ఇంటికి రెండు గుంతలు. ఒకటి నిండాక దాని పైపు మూసి రెండోదానికి మళ్లించాలి. మూసింది రెండేళ్లలో ఎండి మట్టయిపోతుంది, పారతో ఎత్తి చేనుకు వేసుకోవచ్చు. మేస్త్రీ మాత్రం ఇంటింటా రెండు పైపులూ తెరిచే ఉంచాడు. "రెండు తవ్వినంక ఒకదాన్ని ఉత్తగ ఉంచుతరా అమ్మా?" అన్నాడట. ఏదీ వృథా చేయని మనిషి, ఆయన్ని ఏమంటాం. దగ్గరుండి చూడాల్సిన కాంట్రాక్టర్ని అనాలి. ఇప్పుడు రెండూ ఒకేసారి నిండాయి, ఎండకముందే పచ్చిగా తోడాలి. అందుకు ఎవరైనా మనిషిని గుంతలోకి దింపుతామంటే తనకు ఫోన్ చేయమని, ఆ తండాలో కమ్లి అనే ఆమెకు స్తుతి నంబరిచ్చి వచ్చింది.

ఆ ఫోన్ సరిగ్గా పరీక్ష రోజే వచ్చింది. ఇద్దరం ఖమ్మం బస్సులో ఉన్నాం, ఆమె పరీక్షకు, నేను లైనింగ్ గుడ్డకు.

"అక్కా, కాంట్రాక్టర్ మనిషిని తెచ్చిండు. తాడు గడుతుండ్రు" అంది కమ్లి.

ఇల్లందులో బస్సు దిగడానికి స్తుతి లేచింది. "పరీక్ష పోతదే పిల్లా" అన్నాను. "పోనీ చాచీ, అది మళ్ల వస్తది" అంది. నేనూ దిగాను. ఆటో పట్టుకుని తండాకు పోయాం.

కమ్లి ఇంటి వెనక ముత్యాలు అనే మనిషి చొక్కా విప్పి నిలబడ్డాడు, నడుముకు తాడుంది. స్తుతి నేరుగా పోయి, పరీక్ష సంచి ఒళ్లో పెట్టుకుని గుంత మూత మీద కూర్చుంది.

"లే అమ్మా. రేపు ఆఫీసర్లు తనిఖీకి వస్తరు" అన్నాడు కాంట్రాక్టర్. ఆమె లేవకపోయేసరికి నవ్వాడు. "మీరు తరతరాలుగ జేసేది గిదేనాయె. నువ్వు పాసైనా జేసేది గీ పనే గదా."

నాకు చెప్పు తీయాలనిపించింది.

"అవ్ సార్, గీ పనే" అంది స్తుతి. "మనిషి దిగకుండ జేసే పని. గుంతలు తోడే మిషన్ బండిని పిలువుండ్రి, అప్పటిదాంక లెవ్వ."

"నాకు దొరికిన పని చెడగొడుతున్నవక్కా" అన్నాడు ముత్యాలు. అప్పుడు మాత్రం స్తుతి మొహం వాడిపోయింది. ఎండ నెత్తికెక్కాక బండి వచ్చి గుంతలు రెండూ తోడింది. స్తుతి ముత్యాలును పక్కన కూర్చోబెట్టుకుని ఒక పైపుకు ఇటుక, సిమెంటు పెట్టి మూయించింది. మిగతా ఇళ్ల గుంతలూ బండితోనే తోడించి, పైపులు అతని చేతే మూయించి కూలి ఇవ్వాలని కాంట్రాక్టర్‌ని అందరి ముందు ఒప్పించింది.

మేం తిరిగి వచ్చేసరికి కాలనీకి కబురు చేరిపోయింది. పరీక్ష మానేసి పాయఖానా గుంత మీద కూర్చుందట అని కిటికీల్లోంచి ఒకటే నవ్వులు. పేపర్ పోయింది, అంటే ఏడాది పోయింది. వీళ్లకది తమాషా.

విశ్రాంతమ్మ మాకు అన్నం పెట్టి, జరిగిందంతా విన్నది. స్తుతి తలొంచుకుని తింటోంది, తల్లి తిడుతుందనుకుంది.

"ఆ దినం మీ నాయిన దిగుతుంటే" అంది విశ్రాంతమ్మ, "ఎవరన్న గిట్ల వచ్చి మూత మీద కూసుంటే బతికేటోడు గదా బిడ్డా."