అద్దంలో చూసి కొన్న మైకు

మా ఇంట్లో ఒక పాత చేతి మైకు ఉంది. జానెడు పొడుగు, తల దగ్గర ఇనుప జాలీ, ఆ జాలీ పక్కన చిన్న సొట్ట. దాన్ని ఎంత ముందుచూపుతో కొన్నానో ఇన్నేళ్ళుగా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతూనే ఉన్నాను. హైదరాబాదులో నలభై దుకాణాలు తిరిగాననీ, రెండు వందల మైకుల్లో ఊది ఊది దీన్ని పట్టాననీ, నా పరీక్ష చూసి దుకాణదారు లేచి నిలబడి సలాం చేశాడనీ.

దుకాణాలు మూడు. మైకులు నాలుగు. దుకాణదారు లేవలేదు. ఆయనకు మోకాళ్ళ నొప్పి.

ఇది అరవైల నాటి మాట. అప్పుడు మేము కల్వకుర్తిలో ఉండేవాళ్ళం. నేను బట్టల దుకాణంలో గుడ్డలు కొలిచి చింపేవాణ్ణి. మా బాపు చిరుతల భజనలో ముందుపాట పాడేవాడు. చిరుతలంటే ఇత్తడి బిళ్ళలు కట్టిన చెక్కలు. రెండు చేతులా అవి ఆడిస్తూ, ముందుకు రెండడుగులు వెనక్కి రెండడుగులు వేస్తూ బాపు ఒక చరణం అంటాడు. వెనక వరుసలో ఉన్న మేమంతా అదే చరణాన్ని తిప్పి అంటాం. దాన్ని వంత అంటారు. నేను తొమ్మిదో ఏట నుంచీ బాపు వెనక వంతకు నిలబడ్డాను. బాపు గొంతెత్తితే నల్గొండ దాకా వినబడేదని చెప్పుకునేవాణ్ణి. అంత లేదు. బస్సు అడ్డా దాకా వినబడేది, అదీ గాలి అటు ఉంటే.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా బాపు గొంతులో కాయ లేచింది. హైదరాబాదు దవాఖానలో డాక్టరు చూసి, కోసి తీయాలి, మాట నిలుస్తుంది గానీ పాట సంగతి చెప్పలేనన్నాడు. పై బుధవారం రమ్మన్నాడు. తిరుగు బస్సులో ఊరు దగ్గర పడుతుంటే బాపు అన్నాడు:

"నా గొంతు పోతే పోనీ రా. అవ్వ పాట పోవద్దు."

అవ్వ పాట అంటే బాపు తల్లి సొంతంగా కట్టుకున్న మేలుకొలుపు. 'పొద్దు పొడుపు పిట్ట పేరు పెట్టి పిలిచె' అని మొదలవుతుంది. పిట్టలు, ఎద్దులు, మోటబావి, పొయ్యి, ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి లేపుతుంది. పదహారు చరణాలు. అది భజనలో పాడేది కాదు, కొత్త పంటకు ఒకసారి ఇంట్లో పాడేది. కాగితం మీద లేదు. అవ్వకు రాయరాదు, బాపుకు రాయరాదు. నేను రాసుకుందామంటే, రాగం ఎట్ల రాస్తవురా అనేవాడు.

ముందు గదిలో కిరాయికి ఉండే ఓవర్సియరు గారి దగ్గర టేపు రికార్డరు ఉండేది. ట్రంకు పెట్టె అంత ఉండేది, రెండు చక్రాలు తిరిగేవి. ఆయన కోస్తా మనిషి, పాటలంటే ప్రాణం. కానీ దాని మైకు ఎక్కడో బదిలీ సామానులో పోయింది.

"మైకు ఒక్కటి సంపాదించండి, ఆదివారం మీ నాన్నగారి పాట పట్టేద్దాం" అన్నారాయన. "నాసిరకం తేకండి. అలాగని మిలమిలలాడేదీ వద్దు, మీ జేబు చిరుగుతుంది."

"మైకుల సంగతి నాకు తెలుసు సార్" అన్నాను. నాకు మైకుల గురించి తెలిసిందల్లా, పెళ్ళిళ్ళలో వాటి ముందు నిలబడితే నలుగురూ మన వంక చూస్తారని.

సైకిలు కోసం దాచుకున్న డబ్బు జేబులో పెట్టుకుని శుక్రవారం మొదటి బస్సెక్కాను. కూర్చుంటే కాళ్ళు ఆగవు, నిలబడితే చేతులు ఆగవు. ఆదివారానికి రెండు రోజులు, బుధవారానికి అయిదు రోజులు. బస్సు ఎక్కడ ఆగినా దిగి, కదలకముందే ఎక్కి, కండక్టరు చేత తిట్లు తిన్నాను.

మొదటి రెండు దుకాణాల్లో ధర వినగానే దండం పెట్టి బయటికొచ్చాను. మూడోది పాత రేడియోలు బాగుచేసే సందులో ఉంది. తెల్లగడ్డం పెద్దాయన బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. నాలుగు మైకులు ముందు పెట్టాడు.

"ఇది సస్తాది బేటా" అన్నాడు, చవకైన చిన్నదాన్ని చూపించి. "లోపల ఉప్పు పలుకు లాంటిది ఉంటది. ఎండ తగిలితే చస్తది, తడి తగిలితే చస్తది. ఏ ఊరు?"

"కల్వకుర్తి."

"అయితే నెల బతకది. పక్కన పెట్టు."

రెండోది పెద్దది, మెరుస్తోంది. దాని ధరకు రెండు సైకిళ్ళు వచ్చేవి. మిగిలినవి రెండూ పాతవి, ధర ఒక్కటే. ఒకటి ఈ చేతి మైకు, ఏదో నాటకాల వాళ్ళు అమ్ముకున్నది. ఇంకొకటి తాడుతో మెడలో వేలాడదీసుకునేది.

"రెండు గట్టివే. కింద పడ్డా బతుకుతయి" అన్నాడు పెద్దాయన. "ఎవరు పాడతరు?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. బల్ల వెనక గోడకు ఒక అద్దం ఉంది. చేతి మైకు నా చేతిలో ఉంది. అద్దంలో నేను, నా నోటి ముందు మైకు, నుదుటి మీద పాయ తీసిన జుట్టు.

"నేనే పాడుత" అన్నాను. "రేడియోల గిట్ల పాడిన."

"అచ్ఛా. పాడేటప్పుడు చేతులు ఖాళీగ ఉంటయా?"

"ఉంటయి. ఎందుకుండయి?"

"మెడల వేసుకునేది కూడా ఒకసారి చూడు బేటా. పాడేటాయన కదిలినా, గొంతు మైకుకు దూరం పోదు."

మెడలో వేసుకుని అద్దంలో చూశాను. ఎద్దు మెడలో గంట కట్టినట్టుంది. తీసి బల్ల మీద పెట్టాను. చేతి మైకును మరోసారి నోటి దగ్గర పట్టుకుని, ఎడమ చేత్తో జుట్టు సవరించుకుని చూసుకున్నాను. బేరం అయిపోయింది.

తిరుగు బస్సులో పక్కాయన, "గదేంది తమ్మీ, టార్చిలైటా?" అన్నాడు. మైకని చెప్పి, నేను పాటగాణ్ణని చెప్పి, కల్వకుర్తి వచ్చే లోపల ఆయనకు రెండు పాటలు కూడా వినిపించాను. ఆయన నిద్రపోయాడని తర్వాత తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం పిండి గిర్ని ఆగే వేళ చూసుకున్నాం. గిర్ని నడుస్తుంటే మా ఇంట్లో బల్బు మసకబారేది. అమ్మ వాకిలికి బొంత అడ్డం కట్టింది, కోళ్ళను గంప కింద మూసింది. నేను ఊరికే లోపలికీ బయటికీ తిరుగుతుంటే, "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతవేంది, ఒక్కతాన కూసో" అని కసిరింది. ఓవర్సియరు గారు చక్రాలకు టేపు చుట్టారు. బాపు తలంటుకుని, తెల్లధోతి కట్టి, రెండు చేతులా చిరుతలు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

నేను మైకు అందించాను. బాపు మైకు వంక చూశాడు, తన చేతుల వంక చూశాడు.

"దీన్ని నేను పట్టుకోవాల్నా?"

"అవును బాపూ."

"మరి చిరుతలెవరు పట్టుకోవాలె, మీ అమ్మనా?"

పుట్టినప్పటి నుంచీ ఆ చేతులు చూస్తున్నవాణ్ణి నేనే. చేతులు ఖాళీగా ఉంటాయని చెప్పి వచ్చిందీ నేనే.

బాపు చిరుతలు కింద పెట్టి, మైకును తీర్థం గ్లాసులా రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టాడు. రెండో చరణంలో తప్పాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే తప్పాడు. "చేతులు ఆడందే మాట వస్తలేదురా" అన్నాడు. దగ్గు వచ్చింది. దగ్గినప్పుడల్లా గొంతు పట్టుకుంటున్నాడు. ఆ గొంతులో ఇంకెన్ని పాటలు మిగిలాయో ఎవరికీ తెలియదు. టేపు తిరుగుతూనే ఉంది.

తువ్వాలతో మైకును బాపు మెడకు కట్టి చూశాం. అది ఊగి ఊగి చిరుతలకు కొట్టుకుంది. రికార్డరులో రేకు మీద రాళ్ళు పడ్డట్టు చప్పుడు. జాలీ పక్కన సొట్ట అప్పటిదే. నాటకాల్లో ఎవరో రాజు కోపంతో విసిరి కొట్టాడని నేను చెప్పే కథ నమ్మకండి.

"లాభం లేదండీ" అన్నారు ఓవర్సియరు గారు. "మైకు మీరు పట్టుకోండి. ఆయన చిరుతలు మెల్లగా ఆడిస్తారు. మీరు మాత్రం ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు."

బాపు కళ్ళు మూసుకున్నాడు. చిరుతలు చిన్నగా కదిలాయి. అడుగు ముందుకు పడింది. పొద్దు పొడుపు పిట్ట పేరు పెట్టి పిలిచె. ఎంత బాగా వచ్చిందంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు ముందుకొస్తే నేను వెనక్కి, బాపు వెనక్కి పోతే నేను ముందుకు, మైకు ఆయన నోటి దగ్గరే ఉంచుతూ కదిలాను. చరణం పూర్తయింది.

నా నోరు తెరుచుకుంది.

పదిహేనేళ్ళుగా బాపు చరణం ముగిసిన క్షణంలో తెరుచుకుంటున్న నోరు అది. పిట్టను నేనూ పిలిచాను. గొంతెత్తి, గట్టిగా, వెనక వరుస నుంచి పిలిచినట్టు. మైకేమో నా చేతిలోనే, నా గడ్డం కింద. ఓవర్సియరు గారు రెండు చేతులూ గాల్లోకి లేపారు. బాపు ఆగలేదు. మేలుకొలుపు మధ్యలో ఆపితే లేచినవి మళ్ళీ పడుకుంటాయని అవ్వ అనేదట. నేను పెదవి కొరికి పట్టుకున్నాను. రెండు చరణాలు ఆగగలిగాను. ఎద్దుల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ జారింది. మోటబావి దగ్గరికొచ్చాక ఇక ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

పదహారు చరణాలూ అయ్యాక బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఇంకోసారి అనే మాట ఎవరూ అనలేదు.

టేపు వెనక్కి తిప్పి వేశారు. బాపు గొంతు బావిలోంచి వస్తున్నట్టు సన్నగా, దూరంగా ఉంది. దాని మీద కోడెదూడ అరిచినట్టు నా వంత. పాట ముగియగానే అమ్మే ముందు నోరు విప్పింది.

"నీ గొంతు మస్తు పడ్డది కొడుకా. కడుపు నిండింది."

మాటలు స్పష్టంగా తెలియాలనే తిప్పి పాడానని తర్వాత చాలామందికి చెప్పాను. మీకు చెప్పను.

బుధవారం కోశారు. కాయ పోయింది, ప్రాణం దక్కింది. పాట పోయింది. పక్షం రోజులు నోరు తెరవద్దన్నారు. మంచం పక్కన నేనున్నాను. ఆయన తిట్టలేని ఆ రోజులు చూసుకునే నా తప్పు ఒప్పుకున్నాను, నా ధైర్యం అంతే. దుకాణం, పెద్దాయన అడిగిన ప్రశ్న, మెడలో వేసుకునే మైకు, అదే ధర, ఎద్దు మెడలో గంట, అద్దం, జుట్టు సవరించుకోవడం, అన్నీ చెప్పాను. నీ పాటకని పోయి నాకోసం కొన్నాను బాపూ అన్నాను.

బాపు మొహం పైకప్పు వైపు తిప్పుకున్నాడు. కోపం వచ్చిందనుకున్నాను. తర్వాత కుడి పిడికిలి మెల్లగా నోటి ముందు పట్టుకున్నాడు. ఎదురుగా అద్దం ఉన్నట్టు తల వంచి, ఎడమ చేత్తో జుట్టు దువ్వుకున్నాడు. ఆయన తలమీద ఉన్నవి నాలుగు వెంట్రుకలు. భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో చప్పుడు లేదు గనక తెలియలేదు. నేను మాత్రం బయటికి వెళ్ళి నల్లా కింద మొహం కడుక్కున్నాను.

మూడు నెలలకు గొంతు తిరిగివచ్చింది గానీ అది గుసగుసే. చెవి దగ్గర పెడితే తప్ప వినబడదు. ఒక శనివారం సాయంత్రం మా గల్లీలో భజన. ఎవరో మైకుసెట్టు కిరాయికి తెచ్చి కొమ్ముబూర స్పీకరు కట్టారు. బాపు వచ్చి వెనక కూర్చుంటాడనుకున్నాం. ఆయన నేరుగా ముందుకొచ్చి, ఇంట్లోంచి ఆ మైకు తెమ్మని నాకు సైగ చేశాడు. దాన్ని కిరాయి పెట్టెకు తగిలించాక, చిరుతలు రెండూ నా చేతుల్లో పెట్టాడు. ఇప్పుడు ఆయన చేతులు ఖాళీ.

మైకును పెదవులకు ఆనించి బాపు ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి కూడా బూరలోంచి గల్లీ అంతా వినిపించింది. తర్వాత, రాగం లేదు, ఉట్టి గుసగుస: పొద్దు పొడుపు పిట్ట పేరు పెట్టి పిలిచె. ఇంట్లో తప్ప బయట ఎన్నడూ పాడని పాట. రాగం నాకొక్కడికే తెలుసు. వంత నేనే ఎత్తుకున్నాను. మిగతావాళ్ళు నా వెనక అందుకున్నారు. చేతులకు చిరుతలు కొత్త, తాళం తప్పుతోంది, తప్పినకొద్దీ గొంతు పెంచుతున్నాను.

బూరలోంచి గుసగుస వచ్చింది: "ఓరి, జర మెల్లగ. అవ్వ పాట ఇది, బట్టల బేరం కాదు."

గల్లీ అంతా ఘొల్లుమంది. భజన అయ్యాక ఒక పెద్దమనిషి నా భుజం తట్టాడు. "గుసగుస గొంతుకు చేతి మైకే మంచిగుంటది. ముందే సోంచాయించి కొన్నవా ఏంది?"

"అవును" అన్నాను. "ముందే అనుకున్న."

బాపు అక్కడే ఉన్నాడు. మైకు తీగ చుట్టుకుంటూ ఒక్కసారి తలెత్తి నన్ను చూశాడు. ఎడమ చేత్తో జుట్టు దువ్వుకున్నాడు.