కాకి ముట్టని ఫొటో

గాజువాకలో మణికంఠ గురించి నాకంటే బాగా చెప్పగలిగేవాడు లేడు. ఇంటర్ మధ్యలో వదిలేసిన నాలాంటివాడి మాట నమ్మాలా అంటే, మీ ఇష్టం.

వాడిది ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు డిజైన్ చేసే కొట్టు. ఏ పనీ వాడి కంటికి పూర్తయినట్టు కనిపించదు. ఒకసారి కార్డు మీద వినాయకుడి విరిగిన దంతాన్ని కూడా సరిచేసి, రెండూ సమానంగా పెట్టేశాడు. పెళ్ళివారు ముప్పైమంది కొట్టు మీదికొస్తే అడ్డం నిలబడింది నేనొక్కణ్ణే.

కిందటేడు శ్రీరామ్మూర్తి పోయాడు. ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. ఎడమ చెంప మీద పాత కాలిన మచ్చ. పెద్దకర్మకి ఫొటో పెద్దది చెయ్యమని భార్య సన్యాసమ్మ ఇచ్చింది. మణికంఠ ముందు మచ్చ తీసేశాడు. తర్వాత చెవులు సమం చేశాడు. పెదవి వంపు కూడా తిన్నగా లాగాడు.

ఆ పని మొదలెట్టిన నాలుగో రోజు నన్ను పిలిచాడు. “నిన్న సెరిపేసిన మచ్చ పొద్దున్న మళ్ళీ ఉంది బావ.”

“సేవ్ సెయ్యడం మర్సిపోయుంటావ్.”

“మూడుసార్లు సేసాను.”

నా కళ్ళ ముందే చెరిపాడు. కొట్టుకి తాళం వేసి టీకి వెళ్ళాం. తాళంచెవి నా జేబులోనే ఉంది. తిరిగొచ్చేసరికి చెంప మీద మచ్చ. వాడు పళ్ళు బిగించి మళ్ళీ చెరిపాడు. ఈసారి ప్రింటు బయటికొచ్చేదాకా రెప్ప వాల్చలేదు.

పెద్దకర్మ రోజు మేడ మీద పిండం పెట్టి పక్కన ఆ ఫొటో ఉంచారు. కాకి ముడితేనే పోయినవాడికి తృప్తి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ తినరు. పిట్టగోడ మీద కాకులు వరసగా వాలాయి. ఒక్కటీ అరవలేదు. పిండం వైపు తల తిప్పలేదు. అన్నీ ఫొటోనే చూస్తున్నాయి. అలా రెండు గంటలు గడిచాయి.

“ఇతనెవులు బాబూ?” అంది సన్యాసమ్మ నెమ్మదిగా. “మా ఆయనొచ్చి ఇందులో ఏ మొకం సూసుకుంటాడు?”

మణికంఠ మొహం పాలిపోయింది. “కొత్త ప్రింటు తెస్తానమ్మా. గంటలో.”

“నీ గంటంటే ఎల్లుండి,” అన్నాను.

వాడు దీపం మసి వేలికి రాసుకుని ఫొటో చెంప మీద గీశాడు. వంకరగా, పొడుగ్గా వచ్చింది. దిద్దబోతుంటే సన్యాసమ్మ మణికట్టు పట్టుకుంది.

“సాలు. ఇంక ముట్టుకోకు.”

కాకి దిగింది.

కింద విస్తళ్ళ ముందు కూర్చున్నాక వాడి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

“బావ, మచ్చ ఎడం పక్క కదా. నాను కుడి పక్క గీసీసాను.”

“అప్పుడే సూసాను.”

“ఎల్లి తుడిసేసి...”

“ఎల్లు. కాకుల్ని కూడా నువ్వే పిలుసుకో.”

వాడు మెట్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత పప్పు కలిపి మొదటి ముద్ద తిన్నాడు.

అప్పుడు, మనిషి లేని మేడ మీద ఎవరో బరువుగా నడిచారు. అడుగులు మెట్లు దిగి, మా వెనక నుంచే వెళ్ళాయి. గేటు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. సన్యాసమ్మ తలెత్తలేదు.

“ఇంకాస్త అన్నం ఎయ్యనా బాబూ,” అంది.