చెవి దిబ్బడతో పెళ్ళిచూపులు

పెళ్ళిచూపులకి వెళ్ళిన మగవాళ్ళు రకరకాల పొరపాట్లు చేస్తారు. కాఫీ ఒలకబోసుకుంటారు, పెళ్ళికూతురు అనుకుని వాళ్ళ పిన్నిని చూస్తారు, చెప్పులు మార్చుకుని వచ్చేస్తారు. ఇవన్నీ చిల్లర పొరపాట్లు. "ఈ ఒక్క పని చెయ్యకండి, చేస్తే మన పెళ్ళి జరగదు" అని ఆ అమ్మాయే బతిమాలి చెప్పిన పనిని, వాళ్ళ నాన్నగారి కళ్ళ ముందు, వాళ్ళింటి నిలువుటద్దంలో కనిపించేలా మరీ చేసినవాణ్ణి కృష్ణా జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, సంఘం పెట్టుకుందాం.

అప్పట్లో నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. లావణ్య అదే కాలేజీలో జువాలజీ చెప్పేది. రెండేళ్ళు స్టాఫ్ రూములో టీలు తాగాక పెళ్ళి చేసుకుందామని తేల్చుకున్నాం. మాది ఘంటసాల, వరి పొలాలు. వాళ్ళది బందరు పక్కన గిలకలదిండి, ఎండుచేపల వ్యాపారం. మా ఇంట్లో వారం రోజులు అలిగి ఒప్పుకున్నారు. "ముందు నువ్వూ మీ మావయ్యా వెళ్ళి మాట్లాడి రండి" అన్నారు. ఇక మిగిలింది లావణ్య వాళ్ళ నాన్న కొండలరావు గారు.

"మా నాన్న జీతం అడగరు, పొలం అడగరు. ఒక్కటే చూస్తారు" అంది లావణ్య.

"ఏంటది?"

"ముక్కు. మా ఇంట్లో ముక్కు మూసుకున్నవాడికి పిల్లనివ్వరు."

అదేం షరతని నవ్వబోయాను గానీ ఆమె నవ్వడం లేదు. కొండలరావు గారు కుర్రతనంలో సముద్రంలో చేపల వేటకి వెళ్ళేవారట. తర్వాత నాగాయలంక నుంచి ఎండుచేపల బుట్టలు బస్సు మీద వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్మారట. ఆయన బస్సెక్కితే చాలు, అందరి చేతులూ ముక్కు మీదికి వెళ్ళేవట. అవే చేపలు ఆ ఇళ్ళలోనే పులుసు పెట్టుకుని లొట్టలు వేసుకుంటూ తినేవారట. ఆ అవమానం ఆయన మర్చిపోలేదు. నిరుడు ఒక సంబంధం వస్తే, పెళ్ళికొడుకు గుమ్మంలోనే జేబురుమాలు తీశాడని కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశారట.

"ఇంతేనా? ముక్కు పట్టుకోకుండా కూర్చోవడం కూడా ఒక పరీక్షేనా?" అన్నాను. చూడండి, ఈ మాట అన్నది నేనే.

పెళ్ళిచూపులు ఆదివారం. అంతకుముందు సోమవారం బైకు మీద ఊరెళుతూ వానలో తడిసి ముద్దయ్యాను. మంగళవారం జలుబు. బుధవారానికి రెండు చెవులూ దిబ్బళ్ళు పడ్డాయి. ఎవరు మాట్లాడినా దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. నా గొంతు మాత్రం నా తలలోనే గింగిరాలు తిరుగుతోంది. గట్టిగా అరుస్తున్నానేమో అనుకుని గొంతు తగ్గించి పాఠం చెప్పాను. మొదటి బెంచీకి కూడా వినబడక క్లాసు క్లాసంతా హాయిగా నిద్రపోయింది.

మా సుబ్బారావు మావయ్యకి తెలియని వైద్యం లేదు, కుదిర్చిన రోగమూ లేదు. "వెల్లుల్లి వేసి కాచిన నూనె నాలుగు చుక్కలు పొయ్యరా, తెల్లారేసరికి చీమ నడిచినా వినబడుతుంది" అన్నాడు. పోశాను. తెల్లారేసరికి తలగడ పాడైంది. చీమలు మాత్రం నిజంగానే వచ్చాయి, వాటి నడక వినబడలేదు.

లావణ్య తలపట్టుకుంది. "నూనె ఎందుకు పోశారండీ? దిబ్బడ కర్ణభేరికి అవతల ఉంది. అక్కణ్ణించి ముక్కు వెనక్కి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ నాళమని. జలుబుకి అది వాచి మూసుకుపోయింది. లోపల గడియ పడిన తలుపుకి బయట నూనె రాస్తే తెరుచుకుంటుందా? డాక్టరు దగ్గరికి వెళ్ళండి."

వెళ్ళాను. చెవుల డాక్టరు గారు లోపలికి తొంగి చూసి, "ఇక్కడ ఎవరో పోపు పెట్టినట్టున్నారే" అన్నారు. ముక్కులో వేసుకోవడానికి చుక్కలు రాసి, ఆవిరి పట్టమన్నారు. వారం పది రోజుల్లో అదే పోతుందట, నూనె జోలికి మాత్రం వెళ్ళొద్దన్నారు.

"వారం ఆగలేనండీ. ఆదివారం చాలా ముఖ్యమైన పనుంది" అన్నాను.

"అయితే మధ్యమధ్యలో ఏదైనా నములుతూ ఉండండి, గుటకలు పడితే ఆ గొట్టం తెరుచుకుంటుంది. బాగా నోరు తెరిచి ఆవలించండి. జలుబు కాస్త తగ్గాక, ముక్కు పట్టుకుని, నోరు మూసి, మెల్లిగా లోపల్నించి చెవుల్లోకి గాలి వదలండి. మెల్లిగా అంటున్నాను, గట్టిగా ఊదితే చెవికే ప్రమాదం."

నమలడం, ఆవలించడం, ముక్కు పట్టుకోవడం. పిల్లనిచ్చే ఇంటికి వెళ్ళి పెద్దమనిషి ఎదురుగా చెయ్యకూడని పనులు ఏరి ఏరి రాసివ్వమన్నా ఇంతకంటే బాగా కుదరదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తట్టలేదు. గాలి పీడనం గురించి పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి, నా చెవిలో గాలిని నేను దారిలో పెట్టుకోలేనా అనే పొగరులో ఉన్నాను.

ఆదివారం బందరు బస్సులో మావయ్యతో అన్నాను, "వెళ్ళగానే చెవుల సంగతి వాళ్ళకి చెప్పేద్దాం మావయ్యా."

మావయ్య నా చెవిలో నోరు పెట్టి అరిచాడు. "నీకేమన్నా మతిపోయిందా? పెళ్ళిచూపులకెళ్ళి చెవుడని చెప్పుకుంటావా? ఆయన ఏవడిగినా నవ్వుతూ తలూపు. మిగతాది నేను చూసుకుంటా." బస్సులో అందరికీ నా చెవుడు సంగతి తెలిసిపోయింది, కొండలరావు గారికి తప్ప.

గిలకలదిండిలో దిగాం. ఇంటి ముందు పరిచిన టార్పాలిన్ పట్టాల మీద చేపలు ఎండుతున్నాయి. మావయ్య మొహం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. నా ముక్కు గోడకట్టినట్టు మూసుకుని ఉంది కాబట్టి నాకేమీ తెలియలేదు. తోటలో షికారుకి వచ్చినట్టు చిరునవ్వుతో లోపలికి నడిచాను. కొండలరావు గారు నా ముక్కునే చూస్తున్నారు. ఆయన కళ్ళలో మెచ్చుకోలు కనిపించింది. పరీక్ష సగం పాసయ్యాననుకున్నాను.

కూర్చోగానే చూయింగ్ గమ్ నోట్లో వేసుకున్నాను. కొండలరావు గారు ఏదో అన్నారు. నవ్వుతూ తలూపాను. మావయ్య మోచేత్తో పొడిచి చెవిలో, "ఏం నవులుతున్నావని అడుగుతున్నారు, ఉమ్మెయ్" అన్నాడు. ఎక్కడ ఉమ్మను? మింగేశాను. ఆ గుటకకి కూడా చెవి తెరుచుకోలేదు.

రెండో వైద్యానికి దిగాను. నోరు తలుపులా బార్లా తెరిచి ఆవలించాను. ఒకటి వస్తే ఊరుకోదు కదా, వరసగా నాలుగొచ్చాయి. కొండలరావు గారి భార్య సీతమ్మ గారు జంతికల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కొండలరావు గారు మళ్ళీ ఏదో అడిగారు. నేను "అవునండీ, రోజూనండీ" అన్నాను, అదీ నాలో నేను గొణుక్కున్నంత గొంతుతో. మావయ్య నుదురు కొట్టుకున్నాడు. ఆయన అడిగింది మందు అలవాటుందా అని.

గదిలో వాతావరణం మారిపోయిందని చెవిటివాడికి కూడా తెలిసింది. తలుపు పక్కన లావణ్య కళ్ళతోనే నన్ను చంపుతోంది. ఇంకో ప్రశ్నకి నేను తప్పు జవాబు చెబితే ఈ పిల్ల నాకు దక్కదు. ఒక్క చెవైనా తెరుచుకోవాలి, ఇప్పుడే తెరుచుకోవాలి. మిగిలిన వైద్యం ఒక్కటే. షరతు గుర్తుంది, కానీ ఎవరూ చూడకుండా చేస్తే ఏం? "గోడ మీద ఫొటోలు చూస్తానండీ" అని లేచి, అందరికీ వీపు పెట్టి నిలబడ్డాను. కంగారులో ఎదురుగా ఏముందో కూడా చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ముక్కు పట్టుకున్నాను. మెల్లిగా అన్న డాక్టరు గారి మాట మర్చిపోయి బలమంతా పెట్టి ఊదాను.

చెవిలో చురుక్కుమంది తప్ప ఏమీ తెరుచుకోలేదు. కళ్ళు తెరిచాను. నేను నిలబడింది ఫొటోల ముందు కాదు, నిలువుటద్దం ఉన్న బీరువా ముందు. అద్దంలో రెండు మొహాలున్నాయి. ఒకటి ముక్కు పట్టుకుని, బుగ్గలు పూరీల్లా పొంగించుకున్న నాది. దాని వెనక కొండలరావు గారిది.

ఆయన ఈసారి అరిచారు కాబట్టి నాకూ వినబడింది. "లెగండి! నా ఇంట్లో కూర్చుని, నా గాలి పీల్చలేక ముక్కు మూసుకుంటావా? చాటుకెళ్ళి మరీనా? ఆ జేబురుమాలు కుర్రోడే నయం, ఎదురుగా మూసుకున్నాడు!"

లావణ్య కూడా అరుస్తూ ముందుకొచ్చేసింది. "నాన్నా, ఆయనకి జలుబు చేసి చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. డాక్టరే అలా చెయ్యమన్నారు!"

"చెవి దిబ్బడైతే చెవి పట్టుకోవాలిగానీ ముక్కెందుకమ్మా?" అని సీతమ్మ గారూ గొంతెత్తారు. న్యాయమైన ప్రశ్నే.

"నిజమండీ. నాకసలు వాసనే తెలియట్లేదండీ, నా ముక్కు మీద ఒట్టు!" అన్నాను. మూసుకుపోయిన ముక్కు మీద ఒట్టేసినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

కొండలరావు గారు వెనక గోదాములోకి వెళ్ళి, ఎండు సావిడాయ చేపల బుట్ట ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "వాసన చూడు" అని సైగ చేశారు. బుట్టలో తల పెట్టి చేతనైనంత పీల్చాను. ఏమీ రాలేదు. మొహంలో చిన్న ముడత కూడా పడలేదు. నా పక్కన మావయ్య ముక్కుకి మాత్రం ఏ జబ్బూ లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, "మీ అమ్మాయిని చూస్తే ఆనందబాష్పాలు వస్తున్నాయండీ" అన్నాడు.

కొండలరావు గారు నన్నూ మావయ్యనీ మార్చి మార్చి చూశారు. పెదవి కదిలింది. తర్వాత మొత్తం మనిషే కదిలిపోయేలా నవ్వారు. నా పక్కన కూర్చుని, నాకు వినబడేలా గట్టిగా చెప్పారు. "వల అడుగున చిక్కుకుంటే మేం మునిగి తీసేవాళ్ళం బాబూ. చెవులు పట్టేసేవి. మేమూ ముక్కు పట్టుకునే గాలి వదిలేవాళ్ళం. కానీ ఇంత సుతారంగా వదలాలి. నువ్వేంటయ్యా, లారీ టైరుకి గాలి కొట్టినట్టు కొట్టావు? చెవి పోయేది!" తర్వాత లోపలికి తిరిగి, మిరియాల చారు పట్టుకురమ్మన్నారు.

సీతమ్మ గారు పెద్ద గ్లాసుతో పొగలు కక్కే చారు తెచ్చారు. బుట్ట ఒళ్ళో ఉండగానే తాగాను. ముక్కు కారింది, కళ్ళు కారాయి. ఐదో గుటకకి కుడి చెవిలో టప్పుమంది, ఆరో గుటకకి ఎడమ చెవి. దేవుడా, ఫ్యాను చప్పుడు అంత అందంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నాకింకా వినబడదనుకుని కొండలరావు గారు సీతమ్మ గారితో మామూలు గొంతుతో అంటున్నారు, "పిచ్చిమారాజే. వీడికి అబద్ధమాడ్డం రాదు. పిల్ల సుఖపడుద్ది. ఇచ్చేద్దాం."

ఆ మాట విన్న ఆనందంలో గుండెల నిండా గాలి పీల్చాను. అక్కడే వచ్చింది చిక్కు. చెవులతో పాటు ముక్కు కూడా తెరుచుకుంది. బుట్ట నా గడ్డం కింద ఉంది. ఐదు రోజుల వాసన బాకీ అంతా ఒక్కసారిగా లోపలికొచ్చింది. నా ప్రమేయం లేకుండా నా కుడి చెయ్యి ముక్కు మీదికి బయలుదేరింది. అప్పుడే కొండలరావు గారు ఇటు తిరిగారు. చెయ్యి సగం దారిలో ఉంది, వెనక్కి తీసుకునే వేళ దాటిపోయింది. ఇక గత్యంతరం లేక ఎడమ చేతిని కూడా లేపాను. రెండు అరచేతులూ కలిపాను. మధ్యలో ముక్కుని ఇరికించి, కళ్ళు మూసుకుని, బుట్టకి తలవంచి దండం పెట్టాను.

కొండలరావు గారు భార్య వైపు తిరిగారు. "చూశావా సీతా? నా సరుక్కి దండం పెట్టాడే."

మూడు నెలల్లో పెళ్ళైపోయింది. ఆయన ఆ దండం కథని బందరు నుంచి నాగాయలంక దాకా చెప్పని ఇల్లు లేదు. ఆయన చెప్పిన ప్రతిసారీ లావణ్య పక్కకి తిరిగి కొంగు నోట్లో కుక్కుకునేది. నాకు మాత్రం లోపల పీకుతూనే ఉండేది. అంత మంచి మనిషిని మోసం చేశానన్న బాధ అది. మొన్న ఒక ఆదివారం ఆయన పెట్టిన మెత్తళ్ళ చేపల పులుసు నాలుగోసారి వడ్డించుకుంటూ ఉండబట్టలేక చెప్పేశాను. "మావయ్య గారూ, ఆ రోజు నేను పెట్టింది దండం కాదండీ. ముక్కు మూసుకున్నాను."

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు. "తెలుసు అల్లుడూ."

"తెలుసా?"

"ముప్పై ఏళ్ళు బస్సుల్లో ముక్కు మూసుకున్నోళ్ళనే చూశా. ఆ మాత్రం గుర్తు పట్టనా? కానీ వాళ్ళంతా నాకు కనబడాలని మూసుకునేవాళ్ళు. నాకు కనబడకూడదని అన్ని పాట్లు పడినోణ్ణి నిన్నొక్కణ్ణే చూశా. అందుకే ఇచ్చాను పిల్లని." ఇంకో గరిటె పులుసు నా కంచంలో వేశారు.

కళ్ళనీళ్ళు తిరిగాయి, పులుసు కారమని సర్దుకున్నాను.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా, కడుపు నిండిన స్థితిలో, ఈ కింది విధంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో చెవిలో పోపు పెట్టను. జలుబు చేస్తే గుమ్మంలోనే చాటింపు వేస్తాను. ఎంతటి కష్టం వచ్చినా ముక్కుని ఒక చేత్తో పట్టుకోను. తప్పనిసరైతే రెండు చేతులతోనే పట్టుకుంటాను, అదీ మా మామగారు చూస్తున్నప్పుడే.