రజియా ఆపా ఇరవై ఒకటి

మొన్న రైల్లో ఎదుటి సీటువాళ్లు పేక కలుపుతుంటే, ఆ ఫరఫర చప్పుడుకు నాకు సుద్దముక్క వాసన వచ్చింది. రెంటికీ పొత్తేమిటని మీరు అడగొచ్చు. జహీరాబాద్‌లో మా హెడ్మిస్ట్రెస్ రజియా ఆపాను మీరు చూడలేదు కదా.

డెబ్భైల చివర్లో ఆ చిన్న బడికి కొత్త మాస్టర్ని నేను. ఇన్‌స్పెక్టర్ మంచి రిపోర్టు రాస్తేనే ఉద్యోగం పర్మనెంటు. నా మూడో తరగతి పిల్లలేమో ఎనిమిదీ ఏడూ కలపమంటే, వేళ్లు చాలక పక్కవాళ్ల వేళ్లు అరువు తీసుకునేవాళ్లు. అది చూసి ఆపా ఇంటి నుంచి పేకముక్కలు తెచ్చారు. నేను గబగబా తలుపు దగ్గరగా వేశాను.

“బడిలో పేకాటా ఆపా?”

“పైసలు పెడితె పేకాట. చింతగింజలు పెడితె లెక్కలు. ఫికర్ చెయ్యకున్రి.”

ఆట పేరు ఇరవై ఒకటి. పంచేవాళ్లు అందరికీ రెండేసి ముక్కలు వేసి, తమ రెంటిలో ఒకటి మాత్రమే చూపిస్తారు. రాజు, రాణి, జాకీ అన్నీ పదే. ఆసు ఒకటో పదకొండో మన ఇష్టం. పంచేవాళ్లకన్నా ఇరవై ఒకటికి దగ్గరగా పోవాలి, దాటితే గింజలు పోయినట్టే. కావాలంటే ఇంకో ముక్క అడగొచ్చు, చాలనుకుంటే ఆగొచ్చు. ధైర్యముంటే గింజలు రెట్టింపు చేసి ఒకే ఒక్క ముక్క తీసుకోవచ్చు. జోడీ వస్తే విడదీసి రెండు వేర్వేరు ఆటలుగా ఆడొచ్చు. పంచేవాళ్లకే ఏ ఇష్టమూ లేదు: పదహారు దాకా తీయాల్సిందే, పదిహేడు రాగానే ఆగాల్సిందే. వాళ్లు ఇరవై ఒకటి దాటితే గింజలు మనవి. నేను పద్దెనిమిది పెట్టుకుని కూడా ఇంకోటి అడిగేవాణ్ణి. మాటల్లోనూ అంతే. “మీకు చాలు అనుడు రాదు మాస్టరూ,” అంటూ ఆపా నా గింజలు ఊడ్చుకునేవారు.

ఆట రంజుగా ఉన్న ఒక ఉదయం ఇన్‌స్పెక్టర్ చెప్పాపెట్టకుండా వచ్చాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆపా తొణకలేదు. “కూసోన్రి సార్, పిల్ల మీకు గూడ ముక్కలు ఏస్తది,” అన్నారు. ఆయన పిల్లల మధ్య కూర్చున్నాడు. పంచుతున్నది అంజమ్మ అనే పిల్ల. ఆమె ముందు ఐదు కనబడుతోంది. ఆయనకు రాజు, ఆరు పడ్డాయి. ఇంకోటి అడిగితే తొమ్మిది వచ్చింది.

“ఆగేదుండె సార్,” అంది అంజమ్మ, బోర్లా ఉన్న పదిని తిప్పి చూపిస్తూ. “నాకు పదిహేనే ఉన్నయి, తియ్యక తప్పకపోతుండె. గా తొమ్మిది నాకొస్తె ఇర్వై నాలుగు. గింజలు మీకొస్తుండె.”

లెక్కకు ఆమె వేళ్లు కదలలేదు. ఆయన కాసేపు ఆ చేతుల వంకే చూసి, పుస్తకం తీసి ‘లెక్కలు బాగున్నవి’ అని రాశాడు. నేను ఊరుకోవచ్చు కదా. “ఈ పేక ఒక్క లెక్కల పీరియడ్‌లోనే సార్, తెలుగు పీరియడ్‌లో మాత్రం ఎప్పుడో ఒకసారి…” అని మొదలుపెట్టాను.

“మాస్టరూ,” అన్నారు ఆపా మెల్లగా, “మీకు ఇర్వై వచ్చినయి. ఇంకో ముక్క అడగకున్రి.”

నోరు మూసుకున్నాను. ఉద్యోగం నిలిచింది.

కొన్నేళ్లకు ఆపా రిటైరయ్యారు. సన్మానం రోజు నా జేబులో నాలుగు పేజీల ప్రసంగం ఉంది. లేచి, “ఆపా లేకుంటే నేను లేను,” అని అంతటితో కూర్చున్నాను. నాలో వచ్చిన మార్పు చూసి ఆమె మెచ్చుకుంటారనుకున్నాను. ఆపా కళ్లద్దాలు తుడుచుకుంటూ నావైపు వంగి, “గంతేనా మాస్టరూ?” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఆపా లేరు. ఆ రోజు నాలుగు పేజీలూ చదివి ఉండాల్సింది.