ఉల్లిపాయల బస్తా కింద పాదం

ఇలా దగ్గరికి జరగండి, చల్లపల్లి బస్సులో నా పక్కన కూర్చున్న జపాను అమ్మాయి సంగతి చెబుతాను. కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటూ మన తెలుగు బాగానే పట్టేసింది. ఒళ్లో కాగితాల కట్ట ఉంది. కోపమో దుఃఖమో వస్తే మనుషులు ఏం చేస్తారో తెలుసుకునే సర్వే ప్రశ్నలట. వాళ్ల దేశపు పెద్దవాళ్లకు సరిపోయేలా వాటిని మారుస్తోంది.

“ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయానండీ. ‘బాధ పైకి కనబడనివ్వరా?’ అని అడిగితే మావాళ్లంతా ‘అవును, దాచుకుంటాం’ అనే అంటారు. అందరిదీ ఒకే జవాబైతే అడగడమెందుకు, తీసేయమంటారా?” అంది నవ్వుతూ.

నేను కిందికి చూశాను. ముందు సీటాయన వన్ టౌన్ బజారులో కొన్న ఉల్లిపాయల బస్తా జారి ఆమె పాదం మీద కూర్చుంది.

“నొప్పెట్టడం లేదుటే అమ్మాయ్?”

“కంకిపాడు దగ్గర్నుంచీ నొప్పేనండీ. చెబితే ఆయన నొచ్చుకుంటారు కదా.”

“మా ఆడపడుచు ముందు నేనూ నోరు మూసుకుంటాను తల్లీ, అది భయంతో. నీది ఆయన మీద దయ. రెండూ ఒకటేనా? ప్రశ్న తీసెయ్యకు. ఎవరి కోసం దాచుకున్నారో కూడా అడుగు.”

ఆమె నవ్వు ఆపి గబగబా రాసుకుంది. నేను ముందుకి వంగి, “బాబాయ్, నీ ఉల్లిపాయలు జపాను మీద కూర్చున్నాయి, లేపు!” అని కేకేశాను. బస్సంతా గొల్లుమంది. ఈసారి ఆమె పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

అప్పట్నుంచీ నోరు మూసుకున్నప్పుడల్లా ఎవరి కోసమని నన్ను నేనే అడుగుతాను. ఒక్కోసారి ఆడపడుచుకు మనసులో మాట చెప్పేస్తున్నాను కూడా. మీ ఇంట్లో ఎవరూ ఎవరికీ భయపడి మాట మింగకుండా, అందరూ చల్లగా ఉండాలి.